పప్పు ఉడకని ఊళ్ళ వెబ్‌సైట్

నేను చూడని సైటు గురించి ఏనాడూ ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాను. ఎందుకంటే నేను చేసిన పెద్ద తప్పు ఒకటి ఇందులో రాయబోతున్నాను. అది చదివాక చెబితే ఎవరూ నమ్మరు.

రాజమండ్రిలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ఇరవై ఆరేళ్ళు సబ్‌ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎప్పుడు సీనియర్నయ్యానో, ఎప్పుడు చీఫ్‌నయ్యానో రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. కానీ అందులో ఏడేళ్ళపాటు వారం వారం ఒక చిన్న శీర్షిక రాశాను. పేరు ‘వలలో పడ్డవి’. ఇంటర్నెట్‌లో కనిపించే వింత వింత సైట్లని మన రెండు గోదావరి జిల్లాల పాఠకులకీ పరిచయం చేయడం దాని పని. పెళ్ళిళ్ళలో ఎవరికైనా నా పేరు రాజ్యలక్ష్మి అని చెబితే, “వలలో పడ్డవి రాజ్యలక్ష్మిగారా అండీ!” అని కుర్చీ జరిపేవారు. గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది, దాచుకోవడమెందుకు?

ఈమధ్య పాత ఆఫీసుకి వెళితే డెస్కులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, “మేడం, అప్పట్లో ఆ సైట్లన్నీ ఎలా కనిపెట్టేవారండీ?” అని. కనిపెట్టడం ఎంతసేపు? కనిపెట్టాక ఏం చేశామన్నది అసలు సంగతి. నిలబడి చెబితే తేలేది కాదని ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

శుక్రవారం మధ్యాహ్నాలు

అప్పట్లో మా ఆఫీసు మొత్తానికి ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే. అది మేనేజరుగారి గదిలో గుడ్డ కప్పుకుని ఉండేది. దాన్ని లేపాలంటే ముందు ఆయన్ని లేపాలి. ఆ గొడవ ఎందుకని శుక్రవారం భోజనమయ్యాక దేవీచౌక్ దగ్గర ఒక నెట్ సెంటర్‌కి పోయేదాన్ని. చెక్క అరల మధ్య కూర్చుంటే, మోడెం కాసేపు కీచుమని అరిచి, కాసేపు గరగరలాడి, చివరికి ఊరుకునేది. ఊరుకుందంటే లైను కలిసిందన్నమాట. ఒక్క బొమ్మ పైనుంచి కిందికి దిగేలోపు నేను నోటుబుక్కులో సగం పేజీ రాసేసేదాన్ని.

అది వెతకడం కూడా కాదు. పక్కింటికి తోడు మజ్జిగకని వెళ్ళి, అక్కడ మాటల్లో పడి, వాళ్ళతో కలిసి ఆ పక్కింటికి వెళ్ళడం లాంటిది. ప్రతి వింత సైటు అడుగునా ఆ మనిషికి నచ్చిన మరో నాలుగు సైట్ల పేర్లుండేవి. వచ్చినవాళ్ళు రెండు ముక్కలు రాసి వెళ్ళడానికి సందర్శకుల పుస్తకం ఒకటి ఉండేది. నేను ముందు ఆ పుస్తకమే చదివేదాన్ని. వింత మనుషుల దగ్గరికి వింత మనుషులే వస్తారు కదా.

ఏం దొరికేవని అడుగుతారేమో. చలిదేశంలో ఒకాయన, రోడ్లమీద దొరికిన ఒంటి చేతితొడుగులన్నిటికీ ఫొటోలు తీసి, ఏ వీధిలో దొరికిందో రాసి పెట్టాడు. రెండోది మీ దగ్గరుంటే చెప్పండి అని కింద విన్నపం. ఇంకొకావిడ తన ఇంట్లో తలుపులు తెరిచినప్పుడు వచ్చే కిర్రు చప్పుళ్ళన్నీ రికార్డు చేసి పెట్టింది. ఆవిడ వంటింటి తలుపు చప్పుడు వినడానికి నేను నలభై నిమిషాలు కూర్చున్నాను. ఒక సైటులో ఒకే ఒక్క బొత్తాం. నొక్కితే ఏమీ జరగదు. జరగదని తెలిసి కూడా ఎంతమంది నొక్కారో కింద అంకె కనిపిస్తుంది. నేనూ మూడుసార్లు నొక్కాను. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన వాళ్ళ దేశంలోని స్టేషన్లన్నీ తిరిగి, బల్లలమీద కూర్చుని, నడుముకి ఏది సుఖంగా ఉందో మార్కులు వేశాడు.

బల్లల సైటు గురించి రాసిన వారం తునినుంచి ఒక కార్డు వచ్చింది. “ఆయన్ని ఒకసారి మా స్టేషనుకి రమ్మనండి. రెండో ప్లాట్‌ఫారం చివరి బల్లమీద కూర్చోబెడతాం. వచ్చేటప్పుడు దిండు తెచ్చుకోమనండి.” అదే వారం జంగారెడ్డిగూడెం దగ్గరి పామాయిల్ రైతు ఒకాయన ఇలా రాశాడు: “అమ్మా, మా ఊళ్ళో నెట్ సెంటర్ పెట్టారు. నేను వెళ్ళినప్పుడు కరెంటుండదు, కరెంటున్నప్పుడు నాకు తోటలో పనుంటుంది. అంచేత మీరు రాసిందే నాకు సైటు. కొంచెం వివరంగా రాయండి.”

ఆ కార్డు నా బల్లమీద అద్దం కింద పెట్టుకున్నాను. నా పాఠకుల్లో చాలామంది ఆ సైటు ఎప్పటికీ చూడరని అప్పుడు అర్థమైంది. నేను ఏం చెబితే అదే వాళ్ళు చూసినట్టు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. ఏ సైటునైనా మూడు వేర్వేరు రోజుల్లో తెరిచి, అడుగుదాకా చదివాకే రాయాలి. మిగతా పత్రికల్లో ఎక్కడో ఇంగ్లీషులో చదివింది తిరగరాసి పడేసేవాళ్ళు. నేను ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఈ ఒక్కటీ నేర్చుకున్నా నాకు సంతోషమే.

మూర్తిగారి ఉప్పూకారం

మా డెస్కు ఇన్‌చార్జి మూర్తిగారు. మంచి ఎడిటరు. ఒక వార్తలో ఏ వాక్యం తీసేయాలో చూడగానే చెప్పేవారు. ఆ పని నాకు వచ్చిందంటే ఆయన దయే. అయితే ఆయనకి ఒక నమ్మకం ఉండేది. “మనవాళ్ళకి వార్త కాస్త తక్కువైనా ఫరవాలేదండీ, వెటకారం తక్కువైతే పేపరు పక్కన పడేస్తారు” అనేవారు.

అది పూర్తిగా అబద్ధమూ కాదు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పలకరింపులోనే ఒక చురక ఉంటుంది. చురక వేయలేదంటే మనమీద కోపం వచ్చిందేమోనని అనుమానపడతాం. నా శీర్షికకి పేరొచ్చింది సైట్ల వల్ల సగం, ఆ చురకల వల్ల సగం. చేతితొడుగుల ఆయన్నీ బల్లల ఆయన్నీ నేను ఏడిపించినంత వాళ్ళ సొంత బావమరుదులు కూడా ఏడిపించి ఉండరు. వాళ్ళకి తెలుగు రాదు, ఈ పేపరు చూడరు. ఎవరికీ నొప్పి లేదు. రెండేళ్ళు అలా హాయిగా గడిచింది.

ఒక శుక్రవారం ఆ బల్లల సైటు సందర్శకుల పుస్తకంలో ఒక పేరు కనిపించింది. కింద ‘రామచంద్రపురం, తూర్పు గోదావరి జిల్లా’ అని ఉంది. నేనూ ఇలాంటి సైటు ఒకటి పెట్టాను, తీరిక ఉంటే చూడండి అని ఆ పరదేశపు పెద్దాయనకి వినయంగా రాసుకున్నారు. నా గుండె ఝల్లుమంది. ఎక్కడెక్కడి వింతలో వెతుక్కుంటుంటే గంటన్నర బస్సు దూరంలో ఒకరున్నారా అని.

తెరిచాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పైన పేరు ‘పప్పు ఉడికే నీళ్ళు, ఉడకని నీళ్ళు’. కింద పెద్ద పట్టిక. ఊరి పేరు, బావి పేరు, ఆ నీళ్ళలో కందిపప్పు ఎన్ని నిమిషాలకి ఉడికింది, అసలు ఉడికిందా లేదా. అలా నూట ఎనభైకి పైగా బావులు. పెట్టినాయన పేరు వెంకటరత్నం. రామచంద్రపురంలో పప్పుల కొట్టు ఉందని కింద రాసుకున్నారు.

నియమం ప్రకారం మూడు రోజులు చూశాను. అడుగుదాకా చదివాను. తర్వాత ఇలా రాశాను:

“ఇంట్లో కందిపప్పు ఉడకలేదా? పప్పుని అనకండి. కొట్టాయన్ని అసలే అనకండి. బావిని అనండి. అదైతే తిరిగి మాట్లాడదు. రామచంద్రపురంలో ఒక పప్పుల వర్తకులు ఏ ఊరి బావిది తప్పో లెక్కలు కట్టి ప్రపంచానికంతటికీ చాటుతున్నారు. ఇకమీదట పిల్లనిచ్చేవాళ్ళు పెళ్ళికొడుకు గుణగణాలు పక్కనపెట్టి వాళ్ళ బావి గుణగణాలు వాకబు చేసుకోవాలి. ఉప్మా ఉండకట్టే ఊళ్ళ జాబితా కూడా వీరు త్వరలో విడుదల చేస్తారని ఆశిద్దాం.”

మూర్తిగారు చదివి పడీపడీ నవ్వారు. “ఇదండీ రాయడమంటే” అన్నారు. పేపరొచ్చిన రోజు ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు. నెట్ సెంటర్ నడిపే ఆవిడ నాకు కుర్చీ తుడిచి వేసింది. ఆ వారమంతా నా కాళ్ళు నేలమీద లేవు.

తొమ్మిదో రోజు కార్డు వచ్చింది. గుండ్రటి చేతిరాత. “అమ్మా, నమస్కారం. మీరు రాసింది చదివాను. సైటు తీసేశాను. ఇట్లు, వెంకటరత్నం.” అంతే. తిట్టి ఉంటే ఫైల్లో పెట్టేసి మర్చిపోయేదాన్నేమో. ఆ మూడు వాక్యాలు మాత్రం రెండు రోజులు అన్నం తిననివ్వలేదు. మూడో రోజు సెలవు పెట్టి బస్సెక్కాను.

రెండు గిన్నెలు

కొట్టు బజారు మధ్యలోనే ఉంది. యాభై దాటిన సన్నటి మనిషి. నేనెవరో చెప్పాను. ఆయన లేచి కుర్చీ వేశారు.

“మంచినీళ్ళు తాగుతారాండీ?” అన్నారు. నేను తలెత్తలేకపోయాను.

“నేను రాసిన దాంట్లో అబద్ధం ఏమన్నా ఉందాండీ? ఉంటే దిద్దుతాను” అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, క్షమించమనడానికి వెళ్ళి ఆ మాట అన్నందుకు.

“అబద్ధం రాయలేదండి. నవ్వు రాశారు. అబద్ధమైతే కాదని చెప్పుకుంటాను. నవ్వుకి ఏం చెప్పమంటారు?” అన్నారాయన.

ఆయన మెల్లిగా చెబుతుంటే జరిగింది తెలిసింది. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ “ఏమండీ, ఈ పప్పుకి ఏ బావి రాసిచ్చారు?” అంటున్నారట. పాత పప్పు అమ్మి బావులమీదకి తోస్తున్నాడని పేరు పడిపోయింది. ఒక పెళ్ళివారు ఇస్తామన్న సరుకు బేరం వేరే కొట్టుకి ఇచ్చేశారు. ఒక ఊరినుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, మా బావిని ఇంటర్నెట్‌లో పెట్టి మా పరువు తీస్తావా అని గల్లాపెట్టె మీద గుద్ది వెళ్ళారు. తాత నాటినుంచి నిజాయితీ గల కొట్టని పేరు. ఆ పేరు నా ఇరవై వరసలకి పోయింది.

“అసలు ఈ పని ఎందుకు మొదలెట్టారండీ?” అని అడిగాను.

“ఒకే బస్తాలో పప్పండి. పొద్దున ఒకాయన వచ్చి వెన్నలా ఉడికిందంటాడు. మధ్యాహ్నం ఇంకొకాయన వచ్చి రాళ్ళమ్ముతున్నావా అంటాడు. ఏ నీళ్ళతో వండారండీ అని అడగడం మొదలెట్టాను. పన్నెండేళ్ళయింది. సరుకు తేవడానికి ఎక్కడికెళ్ళినా ఒక సీసాడు నీళ్ళు తెచ్చుకుంటాను. ఇంట్లో అదే గిన్నె, అదే స్టవ్, అదే కొలత. మా ఆవిడ లెక్కలో ఇదో పిచ్చి.” మళ్ళీ ఆయనే అన్నారు, “పప్పు తిరిగిచ్చేయడానికి వచ్చేది మగవాళ్ళండి. మగాడు కొట్టుదాకా వచ్చాడంటే అప్పటికే ఇంట్లో ఆడమనిషికి అక్షింతలు పడిపోయాయన్నమాట. ఆ సంగతి వాళ్ళెవరూ చెప్పరు. మొహం చూస్తే తెలుస్తుంది.”

తర్వాత లోపలికి పిలిచారు. కొట్టు వెనక చిన్న వంటగది. రెండు బర్నర్ల స్టవ్. రెండు క్యానుల్లో రెండు ఊళ్ళ నీళ్ళు. నా ఎదురుగానే ఒకే డబ్బాలోంచి పప్పు తీసి, కొలిచి, రెండు గిన్నెల్లో పోసి ఎసరు పెట్టారు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. అరగంటకి ఒక గిన్నెలో పప్పు గరిటె తగిలితే చాలు మెదిగిపోతోంది. రెండోదాంట్లో గంట దాటినా ఒక్కో బద్ద విడివిడిగా, వేళ్ళతో నొక్కితే జారిపోతోంది. నీళ్ళలో సున్నం ఎక్కువుంటే అంతేనట. పెళ్ళివంటల వాళ్ళకి ఈ సంగతి తెలుసు, గుట్టుగా చిటికెడు తినే సోడా వేసేస్తారు. ఇంట్లో వండుకునేవాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

“సైటు మళ్ళీ పెట్టండి. తప్పు నాదని నేను రాస్తాను” అన్నాను.

“మీ శీర్షిక చదివే పెట్టానండి ఆ సైటు” అన్నారాయన. “బల్లల ఆయన గురించి మీరు రాసింది చదివి, ఓహో, ఇలాంటివి కూడా పెట్టొచ్చన్నమాట అనుకున్నాను. కంప్యూటరు క్లాసులకి ఆర్నెల్లు వెళ్ళాను. క్లాసులో అందరికన్నా పెద్దవాణ్ణి నేనే. మళ్ళీ పెట్టే ఓపిక లేదండి.”

తిరుగు బస్సులో ఏడ్చాను. సైటుని మూడుసార్లు చూసినదాన్ని, మనిషిని ఒక్కసారి చూసి ఉంటే ఇది జరిగేది కాదు. మన వెటకారం ఎదురెదురుగా కూర్చున్నప్పుడు బాగుంటుంది. మనం ఒకటంటే అవతలివాళ్ళు రెండంటారు, లెక్క సరిపోతుంది. పేపర్లో రాస్తే అవతలి మనిషికి జవాబు చెప్పే చోటుండదు. పైగా నా పాఠకులు ఆ సైటు చూడలేదు. చూసి ఉంటే, ఇదేదో మంచి పనేనని కొందరికైనా తోచేది.

సవరణ

“వెటకారానికి సవరణ ఏంటండీ?” అన్నారు మూర్తిగారు. “పేరు తప్పా? ఊరు తప్పా? లేదు కదా. నవ్వొచ్చింది, నవ్వారు. అయిపోయింది.”

“ఆయన పేరు పోయిందండి.”

“పేరుదేముందండీ, నాలుగు వారాలు పోతే వాళ్ళే మర్చిపోతారు. మనం సవరణ వేస్తే మనకున్న పేరు పోతుంది.”

“అయితే శీర్షిక ఆపేయండి” అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఆ శీర్షికంటే నాకు ప్రాణం. కానీ ఆ సవరణ లేకుండా ఇంకో వింత సైటు గురించి రాయడానికి చెయ్యి రాదని తెలుసు. మూర్తిగారు నా వంక ఒకసారి చూసి, భోజనం చేశాక మాట్లాడదామని క్యారియర్ విప్పారు.

విప్పగానే అలవాటు ప్రకారం మొదలెట్టారు. “ఇవాళ మా ఆవిడ ముత్యాల పప్పు పంపిందండి. పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు రండి.” అందరూ నవ్వారు. రోజూ నవ్వేవాళ్ళమే, నేను కూడా. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆయన క్యారియర్‌లోకి చూశాను. విడివిడిగా, పొడిపొడిగా బద్దలు.

మర్నాడు వాళ్ళింటికి ఫోన్ చేసి వరలక్ష్మిగారిని, అంటే మూర్తిగారి భార్యని, వంటకి ఏ నీళ్ళు వాడతారని అడిగాను. వాళ్ళుండేది మేడమీద. కుళాయి నీళ్ళు పైకెక్కవు, అంచేత అన్నిటికీ బోరు నీళ్ళేనట. వెళ్ళి ఒక సీసాడు తెచ్చుకున్నాను. మా ఆఫీసులో టీ కాచే గదిలో స్టవ్ ఉండేది. వెంకటరత్నంగారి కొట్లో కొన్న పప్పు, ఒక గిన్నెలో బోరు నీళ్ళు, ఒక గిన్నెలో కుళాయి నీళ్ళు. మూర్తిగారిని పిలిచి స్టూలు వేశాను. డెస్కు మొత్తం తలుపు దగ్గర మూగింది.

ముందు ఆయన జోకులు వేశారు. కుళాయి నీళ్ళ గిన్నె దింపాక జోకులు తగ్గాయి. బోరు నీళ్ళ గిన్నె గంటైనా అలాగే ఉంది. ఆయన గరిటె నా చేతిలోంచి తీసుకుని నాలుగు బద్దలు తీసి నొక్కి చూశారు. మళ్ళీ నొక్కారు.

“ఆ ఇంటికొచ్చి పదిహేనేళ్ళండి” అన్నారు చివరికి. “పదిహేనేళ్ళనుంచీ అంటున్నాను.”

సవరణకి ఆయన ఒప్పుకున్నారు. నేను రాసిన దాంట్లో ఒక్క మాట కూడా దిద్దలేదు. వారంలో మొదటిది పడ్డ రోజునే, పడ్డ చోటే, అంత కొలతలోనే పడాలన్నాను. అదీ ఒప్పుకున్నారు. డెస్కులోకి వచ్చేవాళ్ళకి ఇది గట్టిగా చెబుతున్నాను. నవ్వించింది మొదటి పేజీలో వేసి, క్షమాపణ మూల చీమలంత అక్షరాల్లో వేసేవాళ్ళని నేను జర్నలిస్టులని ఒప్పుకోను.

రెండు గిన్నెల కథ ఉన్నదున్నట్టు రాశాను. ఎవరికైనా అనుమానముంటే రెండు రకాల నీళ్ళు తెచ్చుకుని వాళ్ళింట్లోనే చూసుకోమన్నాను. ‘వెంకటరత్నంగారి లెక్క నిజం, నా నవ్వు తప్పు’ అని ముగించాను. మీద హెడ్డింగు మాత్రం మూర్తిగారిది. ‘ఆయన కాదు, మేమే పప్పులో కాలేశాం.’

వచ్చిన ఉత్తరాలు

నా ఉద్యోగంలో అన్ని ఉత్తరాలు మరి దేనికీ రాలేదు. అంతకుముందు నాకు రాసేది ఎక్కువగా మగవాళ్ళు. ఈసారి కార్డులన్నీ ఆడవాళ్ళవే. రెండు గిన్నెలు పెట్టి చూశామని, మా అత్తగారికి చదివి వినిపించామని, మా వీధి బావి పేరు కూడా రాయించండని. ఒకావిడ ఏకంగా “మా ఆయన చేతే వండించాను, ఆయనకీ ఉడకలేదు” అని రాసింది. అవన్నీ సంచీలో వేసుకుని రామచంద్రపురం వెళ్ళి వెంకటరత్నంగారి గల్లాపెట్టె మీద గుమ్మరించాను.

ఆయన ఒక్కొక్కటే చదివారు. మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గంట తర్వాత, “కొత్త బావులు చాలా ఉన్నాయండి. పట్టిక పెద్దది చేయాలి” అన్నారు. నెల తిరక్కుండా సైటు మళ్ళీ వచ్చింది. కొట్టుకి జనం మళ్ళీ వచ్చారు. ఈసారి నీళ్ళ సీసాలు పట్టుకుని వచ్చారు. ఇలాంటి నీళ్ళకి ఏం చేయాలో కూడా సైటులో రాయించాను. కుళాయి నీళ్ళుంటే పప్పు వరకైనా అవి వాడుకోమని, లేకపోతే ముందు నానబెట్టి చిటికెడు సోడా వేయమని. నేను పరిచయం చేసిన మూడువందల పైచిలుకు సైట్లలో ఇలా మన మనుషులకి పనికొచ్చింది ఇదొక్కటే. దీన్ని వెతికి పట్టుకున్నదీ, పాడుచేసిందీ, నిలబెట్టిందీ నేనే. మూడూ నా ఖాతాలోనే రాసుకుంటాను.

అచ్చాయమ్మగారు

ఆ తర్వాత ఒకరోజు పట్టిక దిద్దడంలో సాయం చేద్దామని వెళ్ళి, కొట్టు వెనక గదిలో కంప్యూటరు దగ్గర కూర్చున్నాను. అరవై దాటిన ఒక రైతు కుటుంబపు ఆవిడ లోపలికి వచ్చింది. పేరు అచ్చాయమ్మ అంది. సముద్రం వైపు ఊరు. ఊరి పేరు రాయను, గల్లాపెట్టె మీద గుద్దించుకోవడం ఒకసారి చాలు. చేతిలో మూత బిగించిన స్టీలు క్యాను ఉంది.

“పప్పు ఉడుకుద్దో లేదో చూసి చెబుతారంట కదండీ. మా పెరటి బావి నీళ్ళండి” అంది.

“ఆ బావి ఇప్పుడు వాడుతున్నారామ్మా?” అన్నారు వెంకటరత్నంగారు.

“లేదండి. కుళాయిలొచ్చి చాన్నాళ్ళయింది. తాడు కూడా లేదు, పక్కవాళ్ళనడిగి తోడించుకొచ్చాను.”

“మరి ఇప్పుడెందుకమ్మా?”

ఆవిడ క్యాను మూత తిప్పుతూ నిలబడింది. “కాపరానికొచ్చిన మూడో రోజు పప్పు వండానండి. ఉడకలేదు. మా అత్తగారు గిన్నెడు పప్పూ అందరి ముందూ పెరట్లో పారబోసింది. పప్పు వండటం రాని పిల్లని అంటగట్టారని మా అమ్మని పిలిపించి మరీ అంది. మా అమ్మ తలొంచుకుని వెళ్ళిపోయింది. ఆవిడున్నన్నాళ్ళూ నన్ను మళ్ళీ పప్పు గిన్నె ముట్టుకోనివ్వలేదండి. పప్పు మాత్రం ఆవిడే రాత్రే నానేసి ఎప్పుడో తెల్లారగట్ట పొయ్యిమీద పెట్టుకునేది.”

“అత్తగారు ఉన్నారామ్మా?” అన్నాను నేను.

“పోయి పదేళ్ళు దాటిందండి. మా ఆయనా లేరు. అమ్మ ఎప్పుడో పోయింది.”

“మరి ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తారండీ?” అని మెత్తగా అడిగారు వెంకటరత్నంగారు.

“నాకు తెలియాలి కదండీ” అంది.

ఆయన గిన్నె తీశారు. ఆవిడ వద్దని తనే తీసుకుంది. తనే పప్పు కడిగింది, తనే క్యాన్లో నీళ్ళు పోసింది, తనే స్టవ్ మీద పెట్టింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అరగంటైంది. ముప్పావుగంటైంది. వెంకటరత్నంగారు కొట్లోకి వెళ్ళి బేరాలు చూసుకుని మళ్ళీ వచ్చారు. ఆవిడ గిన్నె దగ్గర్నుంచి కదల్లేదు. గంట దాటాక ఆయన నాలుగు బద్దలు తీసి ఆవిడ అరచేతిలో పెట్టారు.

ఆవిడ ఒక బద్ద నొక్కింది. చితకలేదు. నోట్లో వేసుకుని నమిలింది.

“ఇదేనండి. ఆ రోజు పప్పు ఇదే” అంది.

“ఈ నీళ్ళతో ఎవరు వండినా ఇంతేనమ్మా. మీ అత్తగారు రాత్రే నానేసేవారంటే ఆవిడకీ తిప్పలే” అన్నారాయన.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని కంప్యూటరు వంక చూసింది. “దీంట్లో రాస్తారా అండీ?”

“రాస్తాం. ఊరు, బావి, నిమిషాలు.”

“వండిందెవరో రాయరా?”

ఆయన నా వంక చూశారు. పట్టికలో ఆ గడి లేదు. “రాస్తామండీ. ఎవరని రాయమంటారు?” అన్నాను.

“అచ్చాయమ్మ వండింది అని రాయండి. తప్పు నీళ్ళది అని రాయండి.”

పట్టికలో కొత్త గడి పెట్టి అలాగే టైపు చేశాను. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి రావు, తెలుగు చదవడం కూడా రాదట. చదివి వినిపించమంది. ఊరి పేరు, బావి పేరు, డెబ్భై నిమిషాలు, ఉడకలేదు, వండినవారు అచ్చాయమ్మ, తప్పు నీళ్ళది అని చదివాను.

“ఇంకోసారి చదవండమ్మా” అంది.

కొట్లో అయిదారుగురు బేరగాళ్ళున్నారు. గది తలుపు పూర్తిగా తెరిచి, ఈసారి వాళ్ళందరికీ వినపడేలా గట్టిగా చదివాను.